వాకిలి తెరిచిన పాట

క్రిందటి ఉగాదికి మూడు వారాల ముందు మా తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో ఒక చిన్న చర్చ జరిగింది. సంగతి చిన్నదే గాని, నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. ఆ చర్చకు కారణం మా అమ్మాయి. అసలు కారణం మాత్రం అరవై ఏళ్లకు పైబడిన ఒక పాట.

పండుగనాటి కార్యక్రమానికి పిల్లల పాటల పట్టీ తయారవుతున్నది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పేరు ఎదుట 'బాగిలను తెరెదు' అని వ్రాసి ఉన్నది. పట్టీ చదువుతున్న పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, “ఇది కన్నడ పాట కదయ్యా?” అన్నారు. అవునన్నాను.

“తెలుగు సంఘం, తెలుగు ఉగాది, తెలుగు వేదిక. పాట మాత్రం కన్నడమా?”

ఆయన కటువుగా అనలేదు. ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసిన మనిషి. పిల్లలంటే ప్రాణం. “చూడు నాయనా, మన పిల్లల నోట నిండుగా తెలుగు వినబడేది ఏడాదికి ఒక్క పూట. ఆ పూట మీ అమ్మాయికి దక్కేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు కూడా ఇచ్చివేస్తే మనకిక మిగిలేదేమిటి?” అన్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. “పాట కన్నడమే గాని, పాడినాయన మనవారేనండీ. పి.బి. శ్రీనివాస్ గారు, కాకినాడ” అని మాత్రం అన్నాను. అక్కడున్న కుర్రవాళ్లలో సగం మందికి ఆ సంగతి తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన నవ్వి, “నాకు తెలుసు లేవయ్యా. ఆ మాట వేదికమీద ఎవరు చెబుతారు, ఏ భాషలో చెబుతారు?” అన్నారు. నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

ఆ వారమంతా ఆఫీసులో ఫైళ్లు త్రిప్పుతూ, మెట్రోలో నిలబడి ఇంటికి వస్తూ నేను ఆలోచించుకున్న విషయాలే ఈ నాలుగు పేజీలూ.

కాకినాడ నుంచి

ప్రతివాది భయంకర శ్రీనివాస్ గారు 1930 సెప్టెంబరు 22న కాకినాడలో పుట్టారు. ఆ ఇంటిపేరు వింటే ఎవరో మల్లయోధుల వంశమనిపిస్తుంది. నిజానికది శాస్త్రవాదంలో ఎదుటి పండితులకు దడ పుట్టించిన వైష్ణవాచార్యుల బిరుదు. తిరుమలలో తెల్లవారుజామున వినిపించే వేంకటేశ్వర సుప్రభాతాన్ని రచించిన అణ్ణన్ గారు ఆ బిరుదు గలవారే. అంత భయంకరమైన ఇంటిపేరు పెట్టుకుని, పసిపిల్ల కూడా జడియనంత మెత్తని గొంతుతో పుట్టడమే వింత.

తండ్రిగారు ప్రభుత్వోద్యోగి. కొడుకు బి.కాం. చదివాడు, హిందీ విశారద ప్యాసయ్యాడు. ఇక కుదురైన ఉద్యోగంలో చేరితే చాలునని తండ్రి కోరిక. కొడుకు మనసు పాటమీద. ఒక జ్యోతిష్కుని దగ్గరకు తీసుకువెళ్లి జాతకం చూపించారనీ, ఈ కుర్రవాడికి సంగీతంలో రాణింపు లేదని ఆయన చెప్పాడనీ, అయినా ప్రయత్నించి చూస్తానని శ్రీనివాస్ పట్టుబట్టారనీ చెబుతారు. నాలాంటి గుమాస్తాకు ఈ తండ్రిమీద కోపం రాదు. నెలజీతం విలువ తెలిసిన ఏ తండ్రి అయినా అంతే చేస్తాడు.

వైణిక విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రిగారు అప్పుడు మద్రాసులో జెమినీ స్టూడియోలో ఉండేవారు. ఆయన చలవవల్ల శ్రీనివాస్ గారికి 1952లో 'మిస్టర్ సంపత్' అనే హిందీ చిత్రంలో పాడే అవకాశం వచ్చింది. అది మన మైసూరు రచయిత ఆర్.కె. నారాయణ్ గారి నవలనుంచి తీసిన చిత్రం. మరుసటేడు 'జాతకఫల' చిత్రంతో కన్నడంలో అడుగుపెట్టారు. జ్యోతిష్కుని మాట తరువాత వచ్చిన సినీమా పేరు అలా ఉండడం కేవలం కాకతాళీయమే.

అడుగుపెట్టడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. తరువాత ఏడెనిమిదేళ్లు ఆయనవి ఇక్కడొక పాట, అక్కడొక పాట. తెలుగులో ఘంటసాలగారు సింహాసనంమీద ఉన్న కాలమది. ఆ సభలో మరొకరికి పీట దొరకడమే గగనం. ఎవరి తప్పూ కాదు. మన ఇంట్లో పెద్దకొడుకు సమర్థుడైతే రెండోవాడు పరాయి ఊరికి వెళ్లి బ్రతుకుతెరువు వెదుక్కోడా? మన తాతలు ఈ బెంగుళూరు పేటకు వచ్చింది అలాగే కదా!

గాజనూరు నుంచి

ఇటు కన్నడ సీమలో ఇంకొక మనిషికి గొంతు కావలసి వచ్చింది. 1929లో గాజనూరులో పుట్టిన ముత్తురాజు నాటకాలాడుతూ పెరిగి, 1954లో 'బేడర కణ్ణప్ప' చిత్రంతో రాజ్‌కుమార్ అయ్యారు. మన కాళహస్తి కన్నప్ప కథే అది. అదే ఏడు ఆ కథ తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం'గా వచ్చింది. అందులోనూ కన్నప్ప ఆయనే. ఆయన వేసిన తెలుగు చిత్రం అదొక్కటే. ఆ చిత్రంలో ఆయనకు ఘంటసాలగారు పాడారు.

సినీమాలో పాట పుట్టే తీరు మన పిల్లలకు తెలియకపోవచ్చు గనుక రెండు ముక్కలు చెబుతాను. పాట ముందుగా స్టూడియోలో రికార్డవుతుంది. తరువాత చిత్రీకరణ జరిగేచోట ఆ రికార్డు వినిపిస్తూ ఉంటే నటుడు పెదవులు కలుపుతాడు. మాట ఒకరిది, పాట మరొకరిది. ఆ రెండూ ఒకే కంఠంనుంచి వస్తున్నాయని జనం నమ్మాలి. నమ్మకపోతే ఎంత గొప్ప పాటైనా తెరమీద అతుకు వేసిన గుడ్డలా కనబడుతుంది. ఈ చిక్కపేటలో పట్టుచీరకు జరీ అంచు అతికేవారిని అడగండి, అతుకు తెలియకుండా కుట్టడం ఎంత కష్టమో చెబుతారు.

రాజ్‌కుమార్ గారికి మొదటి ఏళ్లలో వేరువేరు గాయకులు పాడారు. ఆయన స్వయంగా పాడగలవారు. 1959లో 'మహిషాసుర మర్దిని' చిత్రంలో ఎస్. జానకిగారితో కలిసి ఒక పాట పాడారు కూడా. అయినా ఆయన మాటకు అతుకు తెలియకుండా అతికే గొంతు ఇంకా స్థిరపడలేదు. ఆ సమయంలో, 1960లో, 'భక్త కనకదాస' వచ్చింది. దర్శకుడు వై.ఆర్. స్వామిగారు, సంగీతం ఎం. వెంకటరాజుగారు. అందులో శ్రీనివాస్ గారు పాడిన కీర్తనే 'బాగిలను తెరెదు'.

వాకిట నిలిచిన భక్తుడు

కనకదాసు 16వ శతాబ్దపువాడు. హావేరి ప్రాంతంలోని బాడ అనే ఊరి నాయకుడు, కురుబల కులంలో పుట్టినవాడు. కత్తి వదిలి తంబుర పట్టి, కాగినెలె ఆదికేశవుని పేర కీర్తనలు కట్టాడు. ఆయన గురువు వ్యాసరాయలు మన కృష్ణదేవరాయలు తలవంచిన యతీంద్రుడే. తెలుగులో ఆముక్తమాల్యద పుట్టిన కాలమూ, కన్నడంలో కనకదాసు పాడిన కాలమూ ఒకే విజయనగర కాలం. ఆయన వ్రాసిన 'రామధాన్య చరిత్రె' అనే కావ్యంలో వరిధాన్యమూ రాగులూ ఎవరు గొప్పని తగవులాడి రాముని దగ్గరకు వెళతాయి. చివరకు గెలిచేది రాగులే. రాగి సంగటి తిని పెరిగిన మనవంటివాళ్లకు ఆ ఒక్క తీర్పుతోనే కనకదాసు దగ్గరివాడైపోతాడు.

ఆయన ఉడుపి కృష్ణుని చూడడానికి వెళితే, కులం కారణంగా లోపలికి రానీయలేదని కథ. గుడి వెనుక నిలబడి పాడితే గోడ బీటవారి, లోపలి విగ్రహం ఆయనవైపు తిరిగిందంటారు. ఈనాటికీ ఉడుపిలో కృష్ణుడు పడమటి ముఖంగానే ఉన్నాడు. భక్తులు తొలుత దర్శనం చేసుకునే ఆ కిటికీని 'కనకన కిండి' అంటారు.

'బాగిలను తెరెదు' కనకదాసు స్వయంగా రచించినది. వాకిలి తెరిచి సేవ ఇమ్మని హరిని అడగడమే దాని భావం. ఇక్కడే శ్రీనివాస్ గారి ప్రజ్ఞ. వాకిట నిలబెట్టబడిన మనిషి గొంతులో కోపం ఉండవచ్చు, ఏడుపు ఉండవచ్చు. ఆయన రెండింటినీ వెనుకకు పెట్టి, చాలా రోజులుగా నిలబడి అలసిపోయినా నమ్మకం చెడనివాడు పిలిచినట్లు పాడారు. ఎక్కడా అరుపు లేదు. దగ్గరగా వచ్చి చెవిలో చెప్పినట్లుంటుంది. తెరమీద రాజ్‌కుమార్ గారి ముఖమూ అదే మాట చెబుతుంది. జనం నమ్మారు. అతుకు కనబడలేదు.

ఆ ఒక్క పాటతో గుడి వాకిలి సంగతి ఏమోగాని, కన్నడ నాట ఒక తెలుగువానికి వాకిలి బారుగా తెరుచుకున్నది. అప్పటినుంచి సుమారు పద్నాలుగేళ్లపాటు రాజ్‌కుమార్ అంటే పి.బి. శ్రీనివాసే. తాను శరీరమైతే శ్రీనివాస్ తన శారీరమని రాజ్‌కుమార్ గారు అనేవారని కన్నడిగులు నేటికీ చెప్పుకుంటారు. శారీరమంటే గాత్రం.

అవ్వ చెప్పిన వ్యాకరణం

ఆ సినీమా వచ్చిననాటికి మా నాయనకు పన్నెండేళ్లు. మా తాత చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగడిలో లెక్కలు వ్రాసేవాడు. మా అవ్వ హిందూపురం వైపునుంచి కాపురానికి వచ్చిన మనిషి. ఇరవై ఏళ్లయినా ఆమెకు కన్నడం అర్థమయ్యేది గాని నోరు తిరిగేది కాదు. కూరగాయల అంగడిలో మాట తడబడితే నవ్వుతారని, బేరమాడడానికి మా నాయనను వెంటబెట్టుకు వెళ్లేదట.

కనకదాసు కథ అంటే దేవుడి సినీమా కదా అని తాత అందరినీ తీసుకువెళ్లాడు. ఆ పాట వచ్చినప్పుడు అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నదట. ఇంటికి వచ్చేదారిలో మా నాయన, “అవన్నీ నీకు అర్థమయినాయా అమ్మా?” అని అడిగితే ఆమె చెప్పిన జవాబు మా ఇంట్లో సామెతగా నిలిచిపోయింది.

“అర్థం కాకపోవడానికేముంది రా? వాళ్లు 'బ' అంటారు, మనం 'వ' అంటాం. బాగిలంటే మన వాకిలి.”

ఆమెకు ఓనమాలు రావు. అయినా ఆమె చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. కన్నడంలో బేరు మన వేరు. బేటె మన వేట. బేసిగె మన వేసవి. బెరళు మన వేలు. భాషాశాస్త్రజ్ఞులు గ్రంథాలలో చూపించే సంగతిని మా అవ్వ సినీమా హాలునుంచి ఇంటికి నడిచి వచ్చేలోపల కనిపెట్టింది. ఆ తరువాత కూరగాయలకు తానే వెళ్లడం మొదలుపెట్టిందని మా నాయన చెప్పేవాడు. పాట ఆమెకు కూడా ఒక వాకిలి తెరిచిందన్నమాట.

మా నాయన జీతం తెచ్చుకునే రోజులు వచ్చాక ఒక పాత గ్రామఫోను కొన్నాడు. నేను పుట్టిననాటికి దాని ముల్లు అరిగిపోయి, పాట మధ్యలో గరగరమనేది. ఆ గరగర లేకుండా ఇప్పుడు ఫోనులో వింటుంటే ఏదో తగ్గినట్లు తోస్తుంది. అలవాటు అటువంటిది.

మనవాళ్లు వేసిన బాట

వాకిలి తెరిచాక శ్రీనివాస్ గారొక్కరే లోపలికి వెళ్లలేదు. విజయనగరం ఆడపడుచు పి. సుశీలగారూ, గుంటూరు జిల్లానుంచి వచ్చిన ఎస్. జానకిగారూ కన్నడిగుల ఇళ్లలో పిల్లలకు జోలపాటలయ్యారు. హైదరాబాదులో పుట్టిన జి.కె. వెంకటేశ్ గారు రాజ్‌కుమార్ చిత్రాలెన్నింటికో సంగీతం కూర్చారు. 1965లో వచ్చిన కన్నడ 'సత్య హరిశ్చంద్ర'కు నిర్మాత మన కె.వి. రెడ్డిగారు, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావుగారు. కులంలో హెచ్చుతగ్గులు ఎక్కడివని అడిగే ఆ చిత్రంలోని పాట ఘంటసాలగారిది. కన్నడ సభలలో ఆ పాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 1966లో తెలుగులో తొలి పాట పాడిన కొద్దిరోజులకే రెండవ పాట కన్నడంలో పాడారు.

శ్రీనివాస్ గారివి ఎన్నని చెప్పను! 1971 'కస్తూరి నివాస'లో ఎంత త్రోసినా పడని బొమ్మ పాట, 1972 'బంగారద మనుష్య'లోని పాటలు, అదే ఏడు విష్ణువర్ధన్ 'నాగరహావు'లోని పాటలు, బేంద్రే కవిగారి గంగావతరణ గీతం. బెంగుళూరులో పుట్టి పెరిగిన ఎవరిని ఆపి అడిగినా వీటిలో ఒక్కటైనా పల్లవి అందుకుంటారు. తమిళంలో 1961 'పావ మన్నిప్పు' తరువాత జెమినీ గణేశన్ గారికి ఆయన గొంతు అంతగానే అతికింది. తెలుగులోనూ 1964 'మంచి మనిషి'లో గులాబీ బాల పాట, 1966 'లేత మనసులు'లో చిలక పాట మరిచేవి కావు. అయితే తమ్ముడి ఇంట దక్కినంత పెద్దపీట అన్న ఇంట దక్కలేదన్నది కూడా నిజమే. ఇందులో మనం నిష్ఠూరమాడవలసినది లేదు. అన్నకు అప్పటికే కడుపు నిండి ఉన్నది. తమ్ముడు ఆకలిమీద ఉన్నాడు.

ఎనిమిది భాషలు తెలిసిన మనిషి ఆయన. కవిత్వం వ్రాసేవారు. జేబునిండా రంగురంగుల కలాలుండేవి. 1969లో మనిషి చంద్రునిమీద కాలుపెడితే ఆ సందర్భంగా జానకిగారితో కలిసి ఆంగ్లంలో పాటలు పాడి రికార్డు చేశారు. మద్రాసులో కేథడ్రల్ రోడ్డుమీది వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటలు 2008లో మూతపడేదాకా అక్కడ కూర్చుని వ్రాసుకోవడం ఆయనకు అలవాటు. ఆ హోటలు పెట్టిన కృష్ణరావుగారు ఉడుపి ప్రాంతంవారే. ఉడుపి వాకిట నిలిచిన భక్తుని పాట పాడినాయన, ఉడుపివారి హోటల్లో కాఫీ త్రాగుతూ కవిత్వం వ్రాసుకున్నారు.

మేనల్లుడు చెప్పిన వేల్సు కథ

ఆ వారంలోనే మా అక్క కొడుకు వచ్చాడు. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. ఎప్పుడూ చెవులలో ఇంగ్లీషు పాటలే. నా చింత విని, “మామా, ఇట్లాంటి కథ వేల్సులో కూడా ఉంది” అన్నాడు. అదెక్కడిదిరా అంటే, ఇంగ్లండును ఆనుకుని పడమట ఉన్న చిన్న సీమ అనీ, వాళ్లకు వేరే సొంత భాష ఉన్నదనీ చెప్పాడు.

అక్కడ బ్లాక్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరినుంచి నలుగురు కుర్రాళ్లు ఒక వాద్యబృందం కట్టారు. పేరు మేనిక్ స్ట్రీట్ ప్రీచర్స్. వాళ్లలో పాటలు వ్రాసే రిచీ ఎడ్వర్డ్స్ అనే అతను 1995 ఫిబ్రవరిలో కనిపించకుండా పోయాడు, ఈనాటికీ ఆచూకీ లేదు. బృందం అంతటితో ముగిసిందనుకున్నారు. మిగిలిన ముగ్గురూ 1996 ఏప్రిల్‌లో 'ఎ డిజైన్ ఫర్ లైఫ్' అనే పాట తెచ్చారు. అది బ్రిటనులో అమ్మకాల పట్టీలో రెండో స్థానానికి ఎక్కింది. అంతకుముందు వాళ్ల పాట ఏదీ అంత ఎత్తుకు పోలేదు.

“అందులో ఏముంది?” అన్నాను. కూలివాళ్ల అభిమానం, గ్రంథాలయాలు, చదువు వాళ్లకిచ్చిన బలం అన్నాడు. ఆ లోయలలో గనికార్మికులు తమ కూలిలోనుంచి కాసింత కాసింత మినహాయించుకుని గ్రంథాలయాలు కట్టుకున్నారట. చందాలెత్తి ఊరూరా గ్రంథాలయాలు పెట్టిన మన ఆంధ్రులకు అదేమీ క్రొత్త సంగతి కాదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయానికి దోహదం చేసిన కథ మన పెద్దలు చెప్పేవారు.

నన్ను ఆకట్టుకున్నది మరొక ముక్క. “వాళ్లు ఏ భాషలో పాడారురా?”

“ఇంగ్లీషులోనే మామా. వాళ్ల ఊళ్లలో చాలామందికి ఇప్పుడు వచ్చేది అదే.”

“మరి వేల్సువాళ్లు వాళ్లను తమవాళ్లు కాదన్నారా?”

“ఎందుకంటారు? నెత్తిన పెట్టుకున్నారు.”

నాకు సగం ధైర్యం వచ్చింది, సగం భయం వేసింది. ధైర్యమెందుకంటే, పొరుగుభాషలో పాడినంత మాత్రాన మనిషి పరాయివాడు కాడు. భయమెందుకంటే, 'ఇప్పుడు వచ్చేది అదే' అన్నమాట మా ఇంటికీ వర్తిస్తుంది. మా అమ్మాయికి తెలుగు మాటాడడం వచ్చును, చదవడం రాదు. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. ఇంటి భాషను ఇంటివాళ్లే నేర్పాలి గదా, నేనెప్పుడు నేర్పాను? రేపు, ఎల్లుండి అంటూ పదిహేనేళ్లు గడిపాను. శ్రీనివాస్ గారు ఎనిమిది భాషలకు వెళ్లివచ్చారు గాని, బయలుదేరేటప్పుడు తన ఇల్లు ఎక్కడుందో తెలిసి బయలుదేరారు. మా అమ్మాయికి ఆ గుర్తు నేనివ్వలేదు. పెద్దాయన వేసిన ప్రశ్న పాటను గురించి కాదు, నన్ను గురించి అని అప్పుడు తెలిసివచ్చింది.

ఆదివారం నిర్ణయం

ఆదివారం సమావేశంలో ఈ మాటే ఒప్పుకున్నాను. పెద్దాయన కాసేపు ఊరుకుని, “పాడనీయండి. కాని ఒక షరతు. పాటకు ముందు శ్రీనివాస్ గారి కథ అమ్మాయే చెప్పాలి. తెలుగులో. తానే తన చేత్తో వ్రాసుకుని చూసి చదవాలి. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకుంటే నేను ఒప్పుకోను” అన్నారు. ఉగాదికి పన్నెండు రోజులున్నాయి.

ఇంటికి వచ్చి చెబితే అమ్మాయి గొల్లుమన్నది. “పరీక్షలు ముందు పెట్టుకుని ఇదేం శిక్ష నాన్నా?” అన్నది. మా ఇంటావిడ మాత్రం ఏమీ అనకుండా పాత పెద్దబాలశిక్ష తీసి దుమ్ము దులిపింది.

మొదటి సాయంత్రమే ఒక విచిత్రం జరిగింది. అక్షరాలు చూసి అమ్మాయి, “ఇవి కన్నడ అక్షరాలే కదా, తలమీద గీత ఒకటి మారింది, అంతే” అన్నది. నిజమే. తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒక్కటే. కొన్ని వందల ఏళ్ల క్రిందట అన్నదమ్ముల్లా వేరుపడ్డాయి. తలకట్టు వేరు, గుణింతాలలో కొంత తేడా. బడిలో కన్నడం బాగా చదువుకున్న పిల్లకు తెలుగు చదవడానికి నాలుగైదు సాయంత్రాలు పట్టింది. పొరుగుభాష సొంతభాషకు అడ్డమని మేము ఇన్నాళ్లూ భయపడ్డాము. తీరా చూస్తే అదే మెట్టయింది. అవ్వ 'బ', 'వ' సంగతి కూడా చెప్పాను. అమ్మాయి పడిపడి నవ్వి, నోటు పుస్తకంలో ఆ మాటల జాబితా వ్రాసుకున్నది. ఇప్పటికి అందులో నలభై జంటలున్నాయి.

ఉగాదినాడు ఒక పేజీ చదివింది. రెండుచోట్ల తడబడింది. 'ప్రతివాది భయంకర' దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే సభలో అందరూ నవ్వారు, తానూ నవ్వింది. రాజ్‌కుమార్ గారు 1974లో 'సంపత్తిగె సవాల్' చిత్రంలో, శ్రీనివాస్ గారికి ఒంట్లో బాగులేనందువల్ల అంటారు, తానే పాడారనీ, ఆ పాట అమోఘంగా నెగ్గి, ఆ తరువాత తన పాటలు తానే పాడుకోసాగారనీ చెప్పింది. రాజ్‌కుమార్ గారు 2006 ఏప్రిల్ 12న, శ్రీనివాస్ గారు 2013 ఏప్రిల్ 14న పోయారనీ, శరీరమూ శారీరమూ ఏడేళ్ల తేడాతో ఒకే వారంలో వెళ్లాయనీ చదివి కాగితం మడిచింది. ఆ చివరి వాక్యం నేను చెప్పినది కాదు. తానే కూర్చుకున్నది.

తరువాత పాడింది. బాగా పాడిందా అంటే తండ్రిని, నేను చెప్పకూడదు. మా నాయన మొదటి వరుసలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

బెల్లమూ వేపపువ్వూ పంచుతున్నప్పుడు పెద్దాయన వచ్చి అమ్మాయి తలమీద చేయిపెట్టి, “వచ్చే ఏడు శ్రీనివాస్ గారిదే తెలుగు పాట పాడాలి, సరేనా?” అన్నారు. “పాడతాను తాతా. ఈసారి పాట కూడా తెలుగులో వ్రాసుకుంటాను” అన్నది.

ఇది చదివే మన కుటుంబాలవారికి నా మనవి ఒక్కటే. ఈ ఊరు మన తాతలకు వాకిలి తెరిచింది. ఈ ఊరి భాషను మన పిల్లలు ప్రేమగా పాడనీయండి, అది మనకు అప్రతిష్ఠ కాదు. కాని రోజుకు ఒక్క అరగంట ఇంట్లో పెద్దబాలశిక్ష తెరవండి. నేను పదిహేనేళ్లు ఆలస్యం చేశాను. మీరు చేయకండి.